కన్నడలోకి రాని మాట

అక్టోబరు 9, సోమవారం

రేపు పొద్దున్నే తుమకూరు బస్సు. గ్రామీణ సేవకుల సదస్సు, అంటే మాలాంటి పల్లె పాస్టర్లకు, మూడు రోజులు. వెళ్ళకూడదనే అనుకున్నాను. పోయినేడాది వెళ్ళి చూశాను కదా. చప్పట్లు కొట్టేటప్పుడు చేతులు తలకు పైగా ఎత్తి కొట్టాలని నేర్చుకుని వచ్చాను. అంతకు మించి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఎక్కడానికి అక్కడ ఏమైనా ఉంటే కదా.

అయినా వెళ్తున్నాను. సదస్సు నడిపే గిరీశ్ బెంగళూరు నుంచి తానే ఫోన్ చేశాడు. "మీ సంఘంలో స్వస్థత సాక్ష్యం చెప్పే ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా పాస్టర్? బాగా పల్లెటూరి మనిషి అయితే మంచిది" అన్నాడు. ప్రార్థనతో జబ్బు పోయిందని స్టేజీ ఎక్కి చెప్పాలన్నమాట. సంతలో టమాటాలు ఏరుకునేవాడు కూడా ఇంకాస్త మర్యాదగా అడుగుతాడు. సింధుశ్రీ పేరు చెప్పాను.

సింధుశ్రీకి చిన్నప్పటి నుంచి ఫిట్స్. మా సంఘానికి రావడం మొదలుపెట్టాక ఆగిపోయాయి. పావగడ ఆసుపత్రి మాత్రలు కూడా అప్పుడే మొదలుపెట్టింది. దేని వల్ల ఆగాయని నేనెప్పుడూ విచారించలేదు, ఆమె కూడా విచారించలేదు. "దేవుడొకపక్క, డాక్టరొకపక్క చూసుకుంటా ఉండారు పాస్టరయ్యా" అంటుంది. ఇప్పుడు సోలార్ పార్కులో పానెళ్ళు కడిగే పనికి పోతోంది. చంటిబిడ్డ తల్లి. బిడ్డను అత్త భాగీరథమ్మ చూసుకుంటుంది. భాగీరథమ్మకు నేనంటే పడదు, నా దేవుడంటే అసలు పడదు.

ఈసారి పావగడ తాలూకాకు కోఆర్డినేటర్‌ని ప్రకటిస్తారట. నాగలమడిక పాస్టరు నందీష్ అప్పుడే కోటు కుట్టించుకున్నాడని విన్నాను. ఈ ఎండలో కోటు. నాకైతే అలాంటి ఆశలేమీ లేవు.

అక్టోబరు 10, మంగళవారం

కళ్యాణ మంటపం. పోయిన వారం ఎవరిదో పెళ్ళయినట్టుంది, స్టేజీ మీద మామిడాకులు ఇంకా వేలాడుతున్నాయి. మెడలో ఒక ఎర్ర పట్టీ, దానికి పేరున్న అట్ట. అది వేసుకోకపోతే అన్నం పెట్టరు. జాతరలో తప్పిపోతారని పిల్లలకు కట్టినట్టు, ఇంత వయసొచ్చిన సేవకులందరికీ కట్టారు.

గిరీశ్ చెంప మీద ఈగ వాలినట్టు ఒక మైకు. మొదటి ప్రశ్న: "మీ సంఘం ఒక వాహనం అయితే, అది ఏ వాహనం?" గుంపులు గుంపులుగా కూర్చుని ఆలోచించమన్నాడు. నందీష్ లేచి "వోల్వో బస్సు, హల్లెలూయ" అన్నాడు. చప్పట్లు. నా వంతు వచ్చింది. పంక్చరైన టెంపో అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. గిరీశ్ గంభీరంగా తలూపి బోర్డు మీద 'నిజాయితీ' అని రాసి, కింద గీత గీశాడు. ఈ మనిషికి వెక్కిరింత కూడా పాఠమే.

మధ్యాహ్నం 'మంచి కాపరి' మీద క్లాసు. తెర మీద పచ్చటి గడ్డిలో తెల్లటి గొర్రెల బొమ్మ. దూది మూటల్లా ఉన్నాయి. గొర్రె స్వభావం గురించి గంటసేపు చెప్పాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మంది తాతలు గొర్రెలు కాసినవాళ్ళే. మా తాత మంద నల్లగా, బొచ్చు రాలిపోయి, తుమ్మకాయల కోసం ముళ్ళలోకి తలలు దూర్చేది. గొర్రె కాపరి గొంతు వింటుందట. మా తాత గొంతు ఏ గొర్రె విన్నదో నాకు తెలియదు. గొంతు పోయేలా అరిచి, చివరికి రాయి విసిరేవాడు.

ఈ క్లాసులో నందీష్ నోట్సు రాసుకున్నాడు. వాళ్ళ నాన్న నిన్నటి వరకూ గొర్రెలు కాశాడు.

అక్టోబరు 11, బుధవారం

సింధుశ్రీ సాక్ష్యం రేపు మధ్యాహ్నం. ఆ తర్వాతే కోఆర్డినేటర్ల ప్రకటన. ఇవాళ గిరీశ్ నన్నూ ఆమెనూ వంటశాల పక్క గదిలోకి పిలిచి ఒకసారి చెప్పించుకున్నాడు. ఆమె బెదరకుండా చెప్పింది. ఫిట్స్ వచ్చి పొయ్యి దగ్గర పడటం, పెళ్ళి సంబంధాలు తప్పిపోవటం, తర్వాత ప్రార్థన, మాత్రలు, పెళ్ళి, ఇప్పుడు పనికి పోతుండటం. చక్కగా చెప్పింది. తుమకూరు వచ్చినవాళ్ళలో అబద్ధం లేకుండా మాట్లాడింది ఆమె ఒక్కతే అనిపించింది.

"ఈమెకు కన్నడం రాదా?" అన్నాడు గిరీశ్.

వస్తుంది అన్నాను. ఇంట్లో తెలుగయినా, కర్ణాటకలో ఉన్నాక మా వైపు రానివాళ్ళెవరు? పానెళ్ళ దగ్గర మేస్త్రీతో రోజంతా కన్నడమే.

"వద్దు, తెలుగులోనే చెప్పమనండి. పక్కన నిలబడి మీరు కన్నడంలో అనువదించండి. అనువాదం ఉంటే జనం ముందుకు వంగి వింటారు."

ఇదీ వీళ్ళ విద్య. కన్నడం వచ్చిన మనిషికి కన్నడం రానట్టు, నాటకం.

ఆమె వెళ్ళాక నన్ను ఆపాడు. మాత్రల సంగతి మధ్యలో వస్తే సాక్ష్యానికి బ్రేకు పడుతుందట. "నేను అబద్ధం చెప్పమనడం లేదు పాస్టర్. మీరు పెద్దవారు, ఎలా చెప్పాలో మీకు తెలుసు" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి సెంటు వాసన.

ఆ మాట వదిలేయమని సింధుశ్రీకి చెప్దామనుకున్నాను. భోజనాల వరుసలో నాకంటే నలుగురి ముందే నిలబడి ఉంది. చెప్పలేదు.

అక్టోబరు 12, గురువారం

నన్నే ప్రకటించారు. శాలువా కప్పారు. నందీష్ కోటు వృథా అయింది.

అనువాదం బాగా కుదిరిందని అందరూ అన్నారు.

అక్టోబరు 13, శుక్రవారం

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. అలసట.

తిరుగు ప్రయాణంలో మధుగిరి దాటాం. నేను శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని కునుకు తీయబోతుంటే సింధుశ్రీ అడిగింది.

"పాస్టరయ్యా, నేను మాత్రల మాట చెప్పినా కదా."

"చెప్పినావమ్మా."

"మీరు కన్నడంలో ఆ మాట అనలేదు."

"టైము తక్కువ ఉన్నింది."

"అది కాదు పాస్టరయ్యా. నేను మాత్రలు వేసుకుంటా ఉండానంటే, మీరు ఇప్పుడు ఏ మాత్రా లేదు అన్నారు. నేను విన్నా కదా."

అన్నానా? అని ఉంటాను. వందల చేతులు పైకి లేచి ఉన్నప్పుడు మాట ఎటు తిరుగుతుందో ఎవరికి గుర్తుంటుంది? అనువాదం అన్నాక కొంచెం అటూ ఇటూ దొర్లుతుంది. కోపంగా ఉంటుందేమో అని ఆమె ముఖం చూశాను. కోపం లేదు. వెలిగిపోతోంది.

"మీరు కావాలని అని ఉండరు. ఆయనే మీ నోట పలికించినాడేమో" అంది.

కాదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అప్పుడే కండక్టర్ వచ్చాడు. ఆ తర్వాత నేను కిటికీ వైపు తిరిగాను. పావగడ దాటాక పానెళ్ళు మొదలయ్యాయి. ఒకప్పుడు వేరుశనగ పండిన చేలన్నీ నీలం అద్దాలు కప్పుకుని పడుకున్నాయి. బస్సులో ఉన్నవాళ్ళు ఇంకా దాన్ని కొత్తగా చూస్తారు.

అక్టోబరు 15, ఆదివారం

వీడియో ఊరంతా పాకింది. గిరీశ్ మనుషులు వాట్సాప్‌లో పెట్టారు. వెనక సంగీతం కూడా కలిపారు. ఇవాళ మా రేకుల షెడ్డులో నిలబడటానికి చోటు లేదు. నీళ్ళ ట్యాంకర్ వచ్చినా ఇంత మంది కూడరు. మోకాళ్ళ నొప్పులు, గ్యాస్, పిల్లలు పుట్టనివాళ్ళు, బోరు పడనివాళ్ళు. వాక్యం చెప్తుంటే ఎవరికీ చెవి లేదు. ఎప్పుడు చెయ్యి పెడతాడా అని నా చేతుల వైపే చూపులు.

భోజనం దగ్గర మా ఆవిడ నేత్రావతి ఫోన్‌లో వీడియో ఆపి అడిగింది. "ఆ పాప మాత్రలని చెప్తాండాది. నువ్వు లేవంటాండావు. ఏందప్పా ఇది?"

"నీకు అనువాదం గురించి ఏం తెలుసు?" అన్నాను.

"రెండు భాషలూ నాకూ తెలుసు కదా" అని గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. ఈమెకు ఇంటి పనులు తక్కువయ్యాయి.

అక్టోబరు 17, మంగళవారం

వేసుకుంటూనే ఉంటుంది. సింధుశ్రీ మాత్రలు మానేసేంత తెలివితక్కువ మనిషి కాదు.

అక్టోబరు 19, గురువారం

కోఆర్డినేటర్ అంటే ఏమిటో అర్థమైంది. వాట్సాప్ గ్రూపు చూసుకోవడం. పొద్దున్నే తాలూకాలోని పాస్టర్లందరూ పువ్వుల బొమ్మల మీద వాక్యం రాసి పంపుతారు. ఒకరు పంపిందే ఇంకొకరు. నేను అందరికీ ఆమెన్ పెట్టాలి. ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే అలుగుతారు. నందీష్ రోజూ ముందుగా నాకే నమస్కారం పెడుతున్నాడు. లోపల ఏం తిట్టుకుంటున్నాడో నాకు తెలుసు. నేనైతే అదే తిట్టుకునేవాణ్ణి.

ఇరవై తొమ్మిదిన గిరీశ్ ఇక్కడికే వస్తాడట. మా సంఘంలోనే నన్ను నియమించి, అదంతా వీడియో తీస్తారట. షెడ్డుకు రంగు వేయించాలి.

అక్టోబరు 21, శనివారం

బస్టాండ్ దగ్గర సింధుశ్రీ కనిపించింది. పని నుంచి వస్తోంది, చీర మీద తొడుక్కున్న పాత చొక్కా తడిసిపోయి ఉంది. నవ్వింది. మాత్రల గురించి అడుగుదామనుకున్నాను. చుట్టూ మనుషులున్నారు. వీడియో చూసినవాళ్ళ ముందు మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే ఏం బాగుంటుంది?

వేసుకుంటూనే ఉంటుంది.

అక్టోబరు 23, సోమవారం

వేసుకోవడం లేదు. తుమకూరు నుంచి వచ్చిన రోజే మానేసింది.

ఇవాళ ఆయుధ పూజ. పానెళ్ళు కడిగే ట్యాంకర్లకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పనివాళ్ళకు మరమరాలు పంచుతున్నారట. వరుసలో నిలబడి ఉన్న సింధుశ్రీ ఉన్నట్టుండి విరుచుకుపడింది. పానెల్ ఇనుప కాలికి తగిలి కనుబొమ్మ చీలింది. ఇక పనికి రావద్దని మేస్త్రీ చెప్పి పంపించేశాడు.

ఇదంతా నాకు చెప్పింది భాగీరథమ్మ. ఆమె మా గడప తొక్కడం ఇదే మొదటిసారి. కూర్చోమంటే కూర్చోలేదు. కొంగులోంచి మాత్రల అట్టలు తీసి నా బల్ల మీద, బైబిల్ పక్కనే పెట్టింది. ఒక్కటి కూడా చింపలేదు.

"నేను దండం పెట్టి చెప్పినా వినలేదప్పా. దేవుని ఎదురుగా లేవని చెప్పినాక వేసుకుంటే అబద్ధమైతాదంట. నన్ను అబద్ధాలకోరును చేస్తావా అత్తా అంటాది. నాకేం తెలుసు మీ దేవుని లెక్కలు?"

"నేను వచ్చి మాట్లాడతాను" అన్నాను.

"నీ నోటితో మాన్పించినావు. నీ నోటితోనే వేయించు. దానికేమన్నా అయితే ఆ బిడ్డను నీ ఇంటి ముందర తెచ్చి కూర్చోబెడతా."

చదువు లేని మనిషి, మాట తీరు తెలియదు. ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ అట్టల వైపు చూడకుండా కూర్చున్నాను. నేత్రావతి వాటిని తీసి ఒక కవరులో వేసి నా చేతికిచ్చింది.  

గిరీశ్‌కు ఫోన్ చేశాను. కార్లో ఉన్నాడు. "అయ్యో, పాపం" అన్నాడు. తర్వాత, "మాత్రలు వేసుకోమని ఇంట్లో మెల్లగా చెప్పండి పాస్టర్. వీడియో మాట మాత్రం ఎత్తొద్దు. మన మద్దతుదారులు చాలామంది చూశారు" అన్నాడు. ఇలాంటివి సర్దుకోవడానికే కోఆర్డినేటర్లట. ఛీ.

అక్టోబరు 24, మంగళవారం

వాళ్ళింటికి వెళ్ళాను. సింధుశ్రీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కంటి మీద పట్టీ, కింద అంతా కమిలి నల్లబడింది. బిడ్డ ఆమె గాజులతో ఆడుకుంటోంది. భాగీరథమ్మ బయట నులక మంచం మీద, మాకు వీపు పెట్టి కూర్చుంది.

మాత్రలు వేసుకోమన్నాను. వేసుకోవడం పాపం కాదన్నాను. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే అన్నాను. అన్నీ చెప్పాను. ఆమె ఓపికగా విని, "ఇది పరీక్ష పాస్టరయ్యా. తట్టుకుంటా" అంది. ఈ ముక్క నేను నేర్పిందే. ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో, ఒక్కరికీ పట్టలేదు, ఈమెకు మాత్రం పట్టింది.

చివరికి గొంతు తగ్గించి చెప్పాను. "సింధూ, ఆ రోజు దేవుడేమీ పలికించలేదు. నేనే కల్పించి చెప్పినా. అబద్ధం చెప్పినా."

బిడ్డ వేళ్ళలోంచి గాజులు విడిపించుకుని ఆమె నా వైపు తిరిగింది.

"అబద్ధం ఎప్పుడు చెప్పినారు పాస్టరయ్యా? ఆ పొద్దా, ఈ పొద్దా?"

"ఆ పొద్దే."

"అది అంత మంది ముందర మైకులో చెప్పినారు. ఇది ఎవరికీ వినపడకుండా నా చెవిలో చెప్తాండారు. నేను యాది నమ్మేది?"

బయట నులక మంచం కిర్రుమంది.  దానికి జవాబు ఉంది, ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కవరు కిటికీలో పెట్టి వచ్చేశాను.

అక్టోబరు 26, గురువారం

మళ్ళీ వచ్చింది. ఈసారి ఒకటి ఆగకముందే ఇంకొకటి. పావగడ ఆసుపత్రిలో సూది వేసి ఆపారు. ఇలా ఉన్నట్టుండి మానేస్తే ఈసారి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ అందరి ముందూ కేకలేసింది. నేనూ అక్కడే నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ నన్ను కూడా బంధువు అనుకుని తిట్టింది. సింధుశ్రీ కళ్ళు తెరిచి నన్ను చూసి, డాక్టరమ్మ చేతిలో మాత్ర చూసి, మూతి బిగించుకుంది.

అక్టోబరు 28, శనివారం

రంగు వేయడం అయిపోయింది. బ్యానర్ కట్టారు. నా ఫోటో చిన్నది, గిరీశ్ ఫోటో పెద్దది.

గిరీశ్ ఫోన్ చేసి, రేపు ఆ సోదరిని ముందు వరుసలో కూర్చోబెట్టమన్నాడు. కంటి మీద పట్టీ ఉంది అన్నాను. "అయితే రెండో వరుసలో" అన్నాడు.

అక్టోబరు 29, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గిరీశ్ తెల్ల కారులో వచ్చాడు. మోనిక అనే అమ్మాయి కెమెరా పట్టుకుంది. నందీష్ కూడా వచ్చాడు, అదే కోటు. షెడ్డు నిండిపోయింది. మొన్నే ఆసుపత్రి నుంచి వచ్చిన సింధుశ్రీని ఇంట్లోంచి కదలనివ్వకూడదు కానీ, నేనే రమ్మని కబురు పెట్టాను. భాగీరథమ్మ బిడ్డను చంకనేసుకుని వాకిలి అవతలే నిలబడింది, లోపలికి రాలేదు.

గిరీశ్ నా గురించి ఎండలో పూసిన పువ్వు అని, ఎడారిలో ఊట అని ఏవేవో చెప్పి మైకు నా చేతికిచ్చాడు. చెంప మైకు కాదు, మామూలుదే. ముందుగా కన్నడంలో చెప్పాను, ఆయనకు అర్థం కావాలి కాబట్టి. తుమకూరులో ఈ అమ్మాయి మాత్రలు వేసుకుంటున్నానని చెప్పింది. ఆ మాట నేను వదిలేశాను. ఏ మాత్రా లేదని నేనే కలిపాను. కోఆర్డినేటర్ పదవి కోసం కలిపాను. దేవుడికి అందులో ఏ సంబంధమూ లేదు. తర్వాత ఇదే తెలుగులో చెప్పాను. ఈసారి ఒక్క మాటా పోకుండా చెప్పాను.

మైకు గిరీశ్ చేతికే తిరిగి ఇచ్చాను. 

గిరీశ్ కెమెరా వైపు వేలు చూపించి ఆపేయమన్నాడు. తర్వాత లేచి, అలసిపోయిన సేవకుల కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. మంచి ప్రార్థనే, ఎక్కడా తడబడలేదు. నా పిచ్చి తగ్గాలని ఎంత అందంగా అడిగాడో. నందీష్ ప్రతి వాక్యానికీ ఆమెన్ అన్నాడు.

సింధుశ్రీ ప్రార్థన అయ్యేదాకా ఆగలేదు. లేచి బయటికి పోయి అత్త చేతిలోంచి బిడ్డను తీసుకుంది. నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

అక్టోబరు 30, సోమవారం

నందీష్‌ను కోఆర్డినేటర్ చేశారు. గ్రూపులోంచి నన్ను తీసేసేముందు అతనికి ఆమెన్ పెట్టాను.

నవంబరు 5, ఆదివారం

సగం షెడ్డు ఖాళీ. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, బోరు పడనివాళ్ళు నాగలమడిక దారి పట్టారు. పీడ పోయింది అనుకున్నాను. అనుకున్నాను గానీ ఆ ఖాళీ చాపలు రెండుసార్లు లెక్కపెట్టాను. నేత్రావతి ముందు చాప మీద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

పొద్దున నీళ్ళ దగ్గర భాగీరథమ్మ కనిపించింది. పలకరించలేదు. నేను దాటి పోయాక వెనక నుంచి, ఎవరితోనో అన్నట్టు, "పొద్దున ఒగటి, సందకాడ ఒగటి వేసుకుంటా ఉండాది" అంది. నేను వెనక్కి తిరగలేదు. అక్కడే నిలబడి ఏడ్చేస్తానేమో అనిపించింది.

సింధుశ్రీ ఇవాళ వస్తుందనుకోలేదు. పాట మధ్యలో వచ్చి చివర్న, తలుపు దగ్గర కూర్చుంది. పట్టీ తీసేశారు. కనుబొమ్మ సగం వెంట్రుకలు లేకుండా ఎర్రగా ఉంది. ఎప్పటిలా చిన్న ప్రసంగం చేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

ప్రార్థన చేద్దాం అన్నాను. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. సింధుశ్రీ మూసుకోలేదు. నా నోటి వైపే చూస్తూ కూర్చుంది, ఈసారి ఏ మాట వదిలేస్తానో అని.